ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరితే ఆ నీటిని పారబోయనివ్వకండి

రొమ్ములో ఇంప్లాంట్ పెట్టించుకుని ఏళ్లు గడిచాక ఒక పక్క ఉన్నట్టుండి వాచితే, డాక్టర్ సూదితో నీరు తీస్తారు. వాపు తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది, ఇంటికి వెళ్లిపోతారు. తీసిన నీరు ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. కానీ ఇంప్లాంట్ ఉన్నవాళ్లలో అరుదుగా వచ్చే ఒక లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల క్యాన్సర్, మొదట దొరికేది ఆ నీటిలోనే. నేను ఇక్కడ చెప్పేది ఆ నీటి గురించే. దాన్ని ఎలా తీయించాలి, ఎక్కడికి పంపించాలి, కాగితం మీద ఏం రాయించాలి, రిపోర్ట్ వచ్చాక ఏం చూసుకోవాలి అన్నది.

హైదరాబాద్‌లో క్యాన్సర్ పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో నేను సైటాలజీ (కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) టెక్నీషియన్‌ని. పొట్టలో చేరిన నీరు, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు, థైరాయిడ్ గడ్డల్లోంచి సూదితో తీసినవి, రోజూ నా బల్ల మీదికి వచ్చేవి ఇవే. స్లైడ్ చేసి, రంగు వేసి, మొదటి చూపు చూసి పాథాలజిస్ట్ మేడమ్ ముందు పెడతాను. జబ్బు ఏమిటో తేల్చేది ఆవిడే. కానీ ఆవిడ దాకా ఎన్ని కణాలు చేరతాయి, ఏ పరీక్షకు సరిపడా చేరతాయి అన్నది నమూనా తీసిన చేతుల మీదా, మా చేతుల మీదా ఆధారపడి ఉంటుంది. ఇంప్లాంట్ చుట్టూ తీసిన నీరు మాకు అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు దానితో పాటు వచ్చే కాగితం మీద చాలాసార్లు "బ్రెస్ట్ ఫ్లూయిడ్" అని మాత్రమే ఉంటుంది. ఇంప్లాంట్ ఉందన్న మాటే ఉండదు. ఆ మాట లేకపోతే అందరికీ చేసే మామూలు పరీక్షే దానికీ చేసి పంపించేస్తాం. ఈ జబ్బును పట్టించే పరీక్ష వేరే ఉంది. అది ఎవరో ఒకరు అడిగితేనే జరుగుతుంది.

ఈ జబ్బు ఏమిటి

దీని పూర్తి పేరు బ్రెస్ట్ ఇంప్లాంట్ అసోసియేటెడ్ అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా. డాక్టర్లు బీఐఏ-ఏఎల్‌సీఎల్ అంటారు. రొమ్ములో వస్తుంది కానీ రొమ్ము క్యాన్సర్ కాదు. ఇంప్లాంట్ పెట్టాక దాని చుట్టూ శరీరం ఒక పొర అల్లుకుంటుంది. దాన్ని క్యాప్సూల్ అంటారు. అది అందరికీ ఏర్పడేదే, అందులో భయపడాల్సింది లేదు. ఆ పొరకూ ఇంప్లాంట్‌కూ మధ్య సందులో టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరిగితే అది ఈ లింఫోమా. మొదట్లో ఆ కణాలు నీటిలో తేలుతూ, పొర లోపలి వైపు అంటుకుని ఉంటాయి. ఆలస్యమైతే పొరలోకి దిగి, పొర దాటి, గడ్డ కడతాయి. చంకలో బిళ్లలకు పాకుతాయి. నీటి దశలో దొరికిందంటే ఎక్కువమందికి ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది, కీమో కూడా అక్కర్లేదు. అందుకే ఆ సిరంజి మీద నాకింత పట్టింపు.

మొదటి కేసు వైద్య పత్రికలో వచ్చింది 1997లో. మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, ఇంప్లాంట్‌కూ ఈ లింఫోమాకూ సంబంధం ఉండొచ్చని మొదటిసారి హెచ్చరించింది 2011 జనవరిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని తన లింఫోమాల జాబితాలోకి చేర్చింది. ఫ్రాన్స్ 2019 ఏప్రిల్‌లో బాగా గరుకుగా ఉండే ఇంప్లాంట్లను నిషేధించింది. అదే ఏడాది జూలై 24న అలర్గాన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లనూ, ఎక్స్‌పాండర్లనూ (ఇంప్లాంట్‌కు ముందు చర్మం సాగడానికి తాత్కాలికంగా పెట్టే సంచులు) ఎఫ్‌డీఏ కోరిక మీద ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి ఎఫ్‌డీఏ లెక్కలో ప్రపంచం మొత్తం మీద 573 కేసులు, 33 మరణాలు ఉన్నాయి. ఆ 573లో 481 మందికి ఉన్నవి అలర్గాన్ ఇంప్లాంట్లే. తర్వాతి ఏళ్లలో కేసుల లెక్క వెయ్యి దాటింది.

గరుకు అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇంప్లాంట్ పైతొడుగు నున్నగా ఉండేది ఒక రకం, గరుకుగా ఉండేది ఇంకో రకం. లోపల సిలికాన్ జెల్ ఉందా, సెలైన్ నీరు ఉందా అన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే ఇంప్లాంట్లు లోపల తిరిగిపోకుండా కండను పట్టుకుని ఉండాలని వాటిని గరుకుగా చేసేవారు. చుట్టూ పొర బిగుసుకుపోవడం తగ్గుతుందన్న ఆలోచన కూడా ఉండేది. అంటే సర్జన్లు మంచి ఉద్దేశంతోనే వాటిని ఎంచుకున్నారు. కానీ ఈ లింఫోమా దాదాపు ఎప్పుడూ గరుకు ఇంప్లాంట్ ఉన్నవాళ్లలో, లేదా ఒకప్పుడు ఉండి తీయించుకున్నవాళ్లలోనే కనిపిస్తోంది. గరుకుదనం వల్ల ఏళ్ల తరబడి సాగే వాపు, దాని మీద పేరుకునే బాక్టీరియా, మనిషి జన్యువుల్లోని తేడాలు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయని పరిశోధకుల అంచనా.

ఎంత అరుదు? నెదర్లాండ్స్ దేశమంతటి రికార్డులతో 2018లో వేసిన లెక్క ప్రకారం, ఏ రకం ఇంప్లాంట్ అయినా సరే ఉన్న ఆడవాళ్లలో 75 ఏళ్లు వచ్చేసరికి సుమారు 7,000 మందిలో ఒకరికి వస్తుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో గరుకు ఇంప్లాంట్లతో రొమ్ము పునర్నిర్మాణం చేయించుకున్న 3,546 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే 355 మందిలో ఒకరికి వచ్చినట్టు 2020లో తేలింది. ఈ రెండు లెక్కలకూ ఇంత తేడా ఎందుకంటే మొదటిది అన్ని రకాలనూ కలిపి చూసింది, రెండోది గరుకువాటిని మాత్రమే చూసింది. కాబట్టి "లక్షల్లో ఒకరికి వస్తుంది, మర్చిపో" అని ఎవరైనా అంటే, మీ ఇంప్లాంట్ ఏదో తెలియకుండా ఆ మాట నమ్మకండి. అలాగని నిద్ర మానుకోవాల్సిన పనీ లేదు. 355 మందిలో 354 మందికి రాలేదు.

ముందుగా: మీ లోపల ఉన్నది ఏదో తెలుసుకోండి

వాపు, నొప్పి ఏమీ లేకపోయినా చేయాల్సిన పని ఇదొక్కటే. ఇవాళే మొదలుపెట్టండి.

మా పిన్నిది నెల్లూరు. రొమ్ము క్యాన్సర్‌కి చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని, అక్కడే ఇంప్లాంట్ పెట్టించుకుంది. "ఏ కంపెనీది పిన్నీ?" అని అడిగితే, "సిలికాన్‌దేనమ్మా, మంచిదన్నారు" అంది. చాలామంది దగ్గర ఉండే సమాచారం అంతే. బాబాయి బీరువా పైనుంచి పాత ఫైళ్లు దించి, డిశ్చార్జ్ సమ్మరీ వెనకాల చూస్తే అంటించిన స్టిక్కర్ కనిపించింది. దాని మీద కంపెనీ పేరు, స్టైల్ నంబర్, సైజు సీసీల్లో, లాట్ నంబర్, సీరియల్ నంబర్ అన్నీ ఉన్నాయి. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలోనూ ఇలాంటి స్టిక్కర్లు కొన్ని ఉంటాయి. ఒకటి ఆసుపత్రి కేస్ షీట్‌లో అంటిస్తారు, ఒకటి పేషెంట్‌కి ఇచ్చే కార్డు మీద. కార్డు ఇవ్వడం అన్నిచోట్లా జరగదు. అందుకని ఫైల్ మొత్తం వెతకండి, బిల్లులు కూడా చూడండి. ఇంప్లాంట్‌కి విడిగా బిల్లు వేస్తే అందులో పేరూ నంబరూ దొరకొచ్చు.

ఇంట్లో దొరకకపోతే ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి రాతపూర్వకంగా అడగండి. కావాల్సింది "ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ స్టిక్కర్ కాపీ" అని స్పష్టంగా రాయండి. మన దేశంలో డాక్టర్ల వృత్తి నియమాల ప్రకారం పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అయితే అదే నియమాలు రికార్డులు దాచాల్సిన గడువును 3 ఏళ్లుగానే పెట్టాయి. ఈ జబ్బేమో సగటున 8 నుంచి 10 ఏళ్లకు బయటపడుతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుంటున్నవాళ్లు దయచేసి ఆ స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.

చూడాల్సిన పేర్లు: అలర్గాన్ వాళ్ల నాట్రెల్, అంతకుముందు మెక్‌గాన్, ఇనామెడ్ పేర్లతో వచ్చినవి. కంపెనీ చేతులు మారింది కానీ ఉపరితలం బయోసెల్లే. నాట్రెల్ 410 వరుస కన్నీటి బొట్టు ఆకారంలోనివి. 110, 115, 120 గుండ్రటి జెల్ రకాలు. 163, 168, 363, 468 సెలైన్ రకాలు. 133 వరుస ఎక్స్‌పాండర్లు. ఇవన్నీ వెనక్కి తీసుకున్నవాటిలో ఉన్నాయి. నాట్రెల్‌లోనే నున్నటివి కూడా ఉన్నాయి, వాటిని వెనక్కి తీసుకోలేదు. ఇతర కంపెనీల గరుకు ఇంప్లాంట్లతోనూ కేసులు వచ్చాయి, తక్కువగా. స్టిక్కర్ చదవడం రాకపోతే ప్లాస్టిక్ సర్జన్‌కి చూపిస్తే గరుకా నునుపా అన్నది వెంటనే చెప్పేస్తారు.

ఇంకో సంగతి. మొదట గరుకు ఎక్స్‌పాండర్ పెట్టి, తర్వాత నున్నటి ఇంప్లాంట్ మార్చినవాళ్లు ఉంటారు. పాతది గరుకైతే ఆ చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది. డాక్టర్‌కు రెండూ చెప్పండి.

ఏం కనిపిస్తే కదలాలి

ఆపరేషన్ అయిన కొత్తలో నీరు చేరడం మామూలే, అది వేరు. ఏడాది దాటిన తర్వాత, దెబ్బ తగలకుండా, జ్వరం లేకుండా, ఒక రొమ్ము పెద్దదవడం, బిగువుగా అనిపించడం, బ్లౌజ్ ఒక వైపే పట్టకపోవడం ఈ జబ్బులో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లక్షణం. కొందరిలో చేతికి గడ్డ తగులుతుంది. కొందరికి చంకలో బిళ్ల కడుతుంది. రొమ్ము మీద తగ్గని దద్దుర్లు, గట్టిపడటం, ఆకారం మారిపోవడం కూడా ఉండొచ్చు. ఎక్కువగా ఒక పక్కే వస్తుంది.

ఇలా నీరు చేరిన వాళ్లందరికీ లింఫోమా ఉండదు. చాలామందికి ఇన్ఫెక్షన్, లోపల రక్తం చేరడం, ఇంప్లాంట్ చిట్లడం, లేదా ఏ కారణమూ తేలని వాపు ఉంటుంది. ఆ చాలామందిలో మీరున్నారా లేదా అన్నది ఊహతో తేలదు, పరీక్షతోనే తేలుతుంది.

మన ఆడవాళ్లు ఇక్కడే ఆగిపోతారని నాకు తెలుసు. అందం కోసం పెట్టించుకున్నవాళ్లు అత్తగారింట్లో చెప్పి ఉండరు, కొందరు భర్తకు కూడా చెప్పి ఉండరు. ఊళ్లో డాక్టర్ దగ్గరికి వెళ్లి వాపు అంటారే కానీ ఇంప్లాంట్ అనరు. అమెరికాలోనో సింగపూర్‌లోనో చేయించుకుని తిరిగొచ్చిన అమ్మాయిలు ఇక్కడి డాక్టర్ ఏమనుకుంటారోనని వెనకాడతారు. గదిలోంచి తోడు వచ్చినవాళ్లను బయటికి పంపమని అడిగే హక్కు మీకుంది. డాక్టర్‌కు మాత్రం దాచకండి.

స్కానింగ్

మొదట చేయించాల్సింది అల్ట్రాసౌండ్. నీరుందా, ఎంత ఉంది, గడ్డ ఉందా, చంకలో బిళ్లలు ఎలా ఉన్నాయి అన్నది దాంట్లోనే తెలుస్తుంది. స్పష్టంగా లేకపోతే ఎంఆర్‌ఐ. మామోగ్రామ్ ఈ నీటిని సరిగా చూపించదు, అది నార్మల్ వచ్చిందని వదిలేయకండి. ఇంప్లాంట్ చుట్టూ కొద్దిగా, ఓ 5 నుంచి 10 మిల్లీలీటర్ల దాకా నీరు ఉండటం చాలామందిలో మామూలే. ఎక్స్‌పాండర్ ఉన్నవాళ్లు ఎంఆర్‌ఐకి ముందే ఆ మాట చెప్పాలి. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది.

నీరు తీయించడం

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మా పిన్నికి ఎడమ పక్క వాచినప్పుడు దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మాయ్, నీళ్లు తీసేశార్లే, ఇప్పుడు తేలిగ్గా ఉంది" అంది.

"తీసిన నీళ్లు ల్యాబ్‌కి పంపారా పిన్నీ?"

"ఏమోనమ్మా, ట్రేలో పోసుకుని నర్సు తీసుకెళ్లిపోయింది. మందులు రాసిచ్చారు."

నాకు కాళ్లు ఆడలేదు. మొదటిసారి తీసే నీటిలోనే కణాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంటుంది. తీస్తూ పోతే మళ్లీ చేరే నీరు పలచబడి, వాటిని పట్టుకోవడం కష్టమవుతుంది. అందుకని మీరు అడగాల్సినవి చెప్తాను.

నీరు తీసేది అల్ట్రాసౌండ్ చూస్తూ తీయాలి. సూది ఇంప్లాంట్‌కి తగలకూడదు. వీలైనంత నీరు మొత్తం తీయించండి, తీసినదంతా ల్యాబ్‌కే పంపించండి. కనీసం 10 మిల్లీలీటర్లు కావాలి, 50 దాటితే మాకు పరీక్షలన్నీ చేయడానికి వీలుంటుంది. "ఒక ట్యూబ్ చాలు, మిగతాది పడేద్దాం" అంటే ఒప్పుకోకండి. రంగు చూసి తేల్చడం కుదరదు. పసుపుగా తేటగా ఉన్నా, చిక్కగా మసకగా ఉన్నా పరీక్ష ఒక్కటే. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే కొంత నీరు స్టెరైల్ డబ్బాలో కల్చర్‌కి (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు) వెళ్లాలి. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టక ముందే ఇది జరిగితే మేలు.

మిగతాది తాజాగా, ఫార్మలిన్ (నమూనా పాడవకుండా కలిపే ద్రవం) కలపకుండా, అదే రోజు మా దాకా చేరాలి. ఫార్మలిన్ కలిపితే, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు పంపి వాటి గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేయలేం. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. చిన్న ఊళ్లలో కలెక్షన్ సెంటర్ కుర్రాడు సాయంత్రం బస్సుకి వేసే పద్ధతి ఉంటుంది. ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి ఏ ట్యూబ్‌లో, ఎన్ని గంటల్లోపు, ఎలా పంపాలో అడగండి. మీరు ఫోన్ చేస్తే మాకు విసుగు రాదు. నిజానికి అలాంటి ఫోన్ వస్తే ఆ నమూనా కోసం ఎదురుచూస్తూ ఉంటాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ల్యాబ్‌కు వెళ్లే కాగితం. ఈ మాటలు యథాతథంగా రాయమని డాక్టర్‌ని అడగండి, లేదా మీరే తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్లండి:

"బ్రెస్ట్ ఇంప్లాంట్ ఉన్న పేషెంట్. ఇంప్లాంట్ పెట్టిన ఏడాది, కంపెనీ, గరుకా నునుపా. ఆలస్యంగా చేరిన నీరు, కుడి లేదా ఎడమ. బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనుమానం నివృత్తి చేయాలి. సైటాలజీ, సెల్ బ్లాక్, సీడీ30, ఏఎల్‌కే, ఫ్లో సైటోమెట్రీ. ఇంతకుముందు నీరు తీసి ఉంటే ఎప్పుడు, ఎన్నిసార్లు."

సీడీ30 అన్నది ఈ జబ్బు కణాల మీద ఉండే ఒక గుర్తు, దాన్ని రంగు వేసి చూస్తాం. అది ఖరీదైన విదేశీ పరీక్షేమో, ఇక్కడ ఉండదేమో అని సందేహించకండి. హాడ్జ్‌కిన్ లింఫోమా తేల్చడానికి క్యాన్సర్ ల్యాబులు మామూలుగా వాడేదే అది. మా దగ్గర దానికి కావాల్సిన రసాయనం ఉంటుంది, అడిగే మాట కావాలి.

ల్యాబ్‌లో ఏం జరుగుతుందో కూడా చెప్తాను, తెలిస్తే రిపోర్ట్ చదవడం తేలికవుతుంది. నీటిని యంత్రంలో వేగంగా తిప్పుతాం. మజ్జిగ చిలికితే వెన్న ఒక్కచోటికి వచ్చినట్టు కణాలన్నీ అడుగున ముద్దగా చేరతాయి. ఆ ముద్దలో కొంత స్లైడ్ మీద పరిచి జీమ్సా వంటి రంగులు వేస్తాం. మిగతాది గట్టిపరిచి మైనంలో పోసి, సెల్ బ్లాక్ అనే చిన్న దిమ్మ చేస్తాం. దాన్నుంచి పలచటి పొరలు ఎన్ని కావాలంటే అన్ని కోసి, ఒక్కో పొర మీద ఒక్కో పరీక్ష చేయొచ్చు. ఈ లింఫోమా కణాలు పెద్దవి, వాటి కేంద్రకం గుర్రపు నాడాలాగానో మూత్రపిండంలాగానో వంకరగా ఉంటుంది. సీడీ30 రంగు వేస్తే అవన్నీ ముదురుగా, ఒకే తీరున రంగు పడతాయి. ఏఎల్‌కే అనే ఇంకో గుర్తు మాత్రం ఉండదు, అంటే నెగెటివ్‌గా వస్తుంది.

రిపోర్ట్ చేతికొచ్చాక

"నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ" (క్యాన్సర్ కనిపించలేదు) అన్న ఒక్క లైను చూసి ఫైల్ మూసేయకండి. కింద సీడీ30 చేసినట్టు రాసి ఉందా చూడండి. లేకపోతే పరీక్ష సగమే జరిగింది. సెల్ బ్లాక్ ఇంకా ల్యాబ్‌లోనే ఉంటుంది, దాని మీద సీడీ30 తర్వాత కూడా చేయొచ్చు, అడగండి. "కణాలు సరిపోలేదు" అని వస్తే అది నెగెటివ్ కాదు, మళ్లీ తీయాలని అర్థం.

ఇటువైపు కూడా ఒక మాట. అక్కడక్కడా కొన్ని కణాలకు సీడీ30 పడినంత మాత్రాన లింఫోమా అయిపోదు. మామూలు వాపులో కూడా అలా పడుతుంది. కణాల ఆకారం, ఎన్ని ఉన్నాయి, ఫ్లోలో ఏం వచ్చింది అన్నీ కలిపి చూసి చెప్పాలి. అందుకని రిపోర్ట్ తికమకగా ఉంటే స్లైడ్లు, దిమ్మ తీసుకుని లింఫోమాలు ఎక్కువగా చూసే పాథాలజిస్ట్‌తో రెండో అభిప్రాయం తీసుకోండి. వాటిని అడిగితే ఇస్తారు, సంతకం పెట్టించుకుంటారు.

2022 సెప్టెంబర్‌లో ఎఫ్‌డీఏ ఇంకో హెచ్చరిక చేసింది. క్యాప్సూల్ పొరలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్, ఇతర రకాల లింఫోమాలు కూడా చాలా అరుదుగా కనిపించాయని. అందులో నున్నటి ఇంప్లాంట్ ఉన్నవాళ్లూ ఉన్నారు. నున్నటిదే కదా అని వాపును వదిలేయకూడదు అనడానికి అది చాలు.

పిన్నికి నీరు మళ్లీ చేరింది. ఈసారి నేను చెప్పినట్టే పంపించారు. సీడీ30 నెగెటివ్, మామూలు వాపులో ఉండే లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే కణాలు మాత్రమే కనిపించాయి. కానీ మొదటి నీరు పోయింది కాబట్టి పాథాలజిస్ట్ మేడమ్ ధీమాగా చెప్పలేకపోయారు. నీరు ఆగడం లేదని సర్జన్ ఇంప్లాంట్‌నూ పొరనూ తీసేశాక, ఆ పొరను చాలా చోట్ల కోసి చూసి, ఏమీ లేదని అప్పుడు రాసిచ్చారు. మొదటి రోజే ఆ ట్రేలోని నీరు ల్యాబ్‌కు వచ్చి ఉంటే అన్ని వారాల టెన్షన్ ఆవిడకు ఉండేది కాదు.

లింఫోమా అని తేలితే

వెంటనే ఆపరేషన్ టేబుల్ ఎక్కకండి. ముందు పెట్ సీటీ (జబ్బు ఎక్కడిదాకా పాకిందో చూపే స్కాన్) జరగాలి, రక్త పరీక్షలు జరగాలి. ప్లాస్టిక్ సర్జన్, క్యాన్సర్ సర్జన్, లింఫోమా చూసే ఆంకాలజిస్ట్ ముగ్గురూ కలిసి నిర్ణయించాలి. ఆపరేషన్‌లో ఇంప్లాంట్, చుట్టూ ఉన్న పొర మొత్తం, గడ్డ ఉంటే అదీ పూర్తిగా తీయాలి. పొరను కొంత వదిలేస్తే జబ్బు తిరిగొచ్చే ప్రమాదం పెరుగుతుంది. 2016లో వచ్చిన 87 మంది పేషెంట్ల పరిశీలనలో పూర్తిగా తీసినవాళ్లే బాగా కోలుకున్నట్టు స్పష్టంగా కనిపించింది. "పొర మొత్తం తీస్తున్నారా? పక్కటెముకల వైపు ఉన్నది కూడా?" అని సర్జన్‌ని నేరుగా అడగండి. రెండో పక్క ఇంప్లాంట్ కూడా తీయించాలా అన్నది అడగండి, కొద్దిమందిలో అక్కడా దొరికింది.

పొర లోపలే ఉన్నవాళ్లకు చాలావరకు ఇంతటితో చికిత్స అయిపోతుంది. పాకినవాళ్లకు కీమో ఉంటుంది. బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మందు ఉంది, అది సీడీ30 ఉన్న కణాలనే వెతికి పట్టుకునేట్టు తయారు చేసింది. తర్వాత రెండేళ్లపాటు 3 నుంచి 6 నెలలకోసారి చూపించుకోవాలి.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు అడ్మిషన్ కాగితాల్లో "ఇంప్లాంట్ తొలగింపు" అని మాత్రమే రాయనివ్వకండి. చూసేవాళ్లకు అది అందం ఆపరేషన్‌లా కనిపిస్తుంది. జబ్బు పేరు, పాథాలజీ రిపోర్ట్ నంబర్ రాయించండి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో క్యాన్సర్‌కి రొమ్ము తీయించుకుని ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లకు 1998 నాటి చట్టం ఒకటి ఉంది. రొమ్ము తొలగింపుకు కవరేజీ ఇచ్చే ప్లాన్, పునర్నిర్మాణంతో పాటు ఆ తర్వాత వచ్చే చిక్కులకు కూడా ఇవ్వాలి.

ఏ లక్షణమూ లేనివాళ్లకు

తీయించుకోవాల్సిన అవసరం లేదు. వెనక్కి తీసుకున్న రకమే ఉన్నా సరే, లక్షణాలు లేకపోతే తీయమని ఎఫ్‌డీఏ చెప్పలేదు. ఆపరేషన్‌కీ మత్తుకీ వాటి ప్రమాదాలు వాటికున్నాయి. దీన్ని ముందే పట్టే రక్త పరీక్ష లేదు, దీని కోసమే ఏటా స్కాన్లు చేయించుకుంటూ డబ్బు పోగొట్టుకోకండి. స్నానం చేసేటప్పుడు రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయా అని గమనించుకుంటే చాలు. భయంతో బతకలేకపోతున్నామని తీయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, సర్జన్‌తో మాట్లాడండి. తీసిన పొరను మాత్రం పాథాలజీకి పంపమనండి.

ఫిర్యాదు, నమోదు

మన దేశంలో వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందుల్ని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జూలైలో మొదలైంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. టోల్ ఫ్రీ నంబర్ 1800 180 3024. అమెరికాలో ఎఫ్‌డీఏ ఫిర్యాదులు తీసుకునే మెడ్‌వాచ్‌కి పేషెంట్ నేరుగా రాయొచ్చు. అక్కడి సర్జన్లయితే ప్రొఫైల్ అనే రిజిస్ట్రీలో కేసు చేరుస్తారు. ఫోన్ చేసేముందు స్టిక్కర్ ఫొటో, ఆపరేషన్ తేదీ, పాథాలజీ రిపోర్ట్ దగ్గర పెట్టుకోండి. కంపెనీ, స్టైల్, లాట్, సీరియల్ నంబర్లు అడుగుతారు. ఇంప్లాంట్ తీయించుకుంటుంటే దాన్ని మీకు ఇస్తారా, ఆసుపత్రిలో దాస్తారా అన్నది ఆపరేషన్‌కి ముందు రోజే రాతపూర్వకంగా అడిగి ఉంచండి.